సమీకరణముల సేద్యము

నల్లమల కొండలకు పడమటను, ఎర్రమల గుట్టలకు తూర్పునను, ఉత్తరమునుండి దక్షిణమునకు సాగిపోవు కుందూనది లోయలో, నంద్యాల మొదలు ఆళ్లగడ్డ దాటువరకు పరచుకొనియున్న నల్లరేగడి నేలలను వైశాఖమాసపు ఎండలలో చూచినవారికి, అవి ఎంతెంత లోతుగా నెర్రెలు విచ్చియుండునో వేరుగ వర్ణించి చెప్పనక్కరలేదు. అట్టి నేలపై తొలకరిలో ఒక అంగుళము వాన కురిసినచో, ఆ నీరు నెర్రెలలోనికి దిగిపోవునేగాని వాగులోనికి చేరునది మిక్కిలి స్వల్పము. అదే అంగుళపు వాన, దినముల తరబడి ముసురుపట్టి, నేల నీరు త్రాగి ఉబ్బి, నెర్రెలన్నియు మూసికొనిపోయిన భాద్రపదమాసములో కురిసెనేని, ఇంకుటకు తావు లేక, చేలగట్లు తెంచుకొని, వంకలన్నిటిని నింపి, ఆళ్లగడ్డ చెంత వక్కిలేటిని, నంద్యాల చెంత మద్దిలేటిని, చామకాలువను ఒక్క రేయిలో పొంగించివేయును. వాన అంతయే, వాగు అదియే, నడుమనున్న నేల మాత్రము తాను గడపిన దినములనుబట్టి వేరొక నేలయైనది.

ఈ లోయలోని రైతు ఈ సంగతిని తరతరములుగా ఎరుగును. పదును చూచియే గొర్రు కట్టును. కాని ఒక సంగతిని ఎరిగియుండుట వేరు, దానిని లెక్కగా వ్రాయుట వేరు. ఇంత వాన కురిసినది, నేల ఇంత తడిసియున్నది, కావున రేపు తెల్లవారుజామునకు వంతెనకడ నీటిమట్టము ఇంత యుండునని ముందుగా చెప్పగల సమీకరణమును నిర్మించుట జలశాస్త్రమునందలి కఠినతమ సమస్యలలో ఒకటి. అట్టి సమస్యలను సాధించుటకై గడచిన కొన్ని దశాబ్దములలో శాస్త్రజ్ఞులు త్రొక్కిన ఒక అపూర్వమైన మార్గము కలదు. మనుష్యుడు సమీకరణమును స్వయముగా ఊహించి వ్రాయుటకు మారుగా, వందలకొలది సమీకరణములను కంప్యూటరునందు పుట్టించి, వానిలో మేలైనవానిని ఏరి, ఒకదానితో నొకదానిని సంకరపరచి, తరతరములుగా బాగుచేయుటయే ఆ మార్గము. పరిణామ గణనమని దానికి పేరు. నంద్యాలవంటి ఊరికి ఈ శాస్త్రముతో ఏమి సంబంధమని అడుగువారికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

పైని చెప్పిన వాగువంటివానిని శాస్త్రజ్ఞులు అరేఖీయ గతిశీల వ్యవస్థలందురు. వాని నేటి స్థితి నేటి కారణములచేతనేగాక నిన్నటి, మొన్నటి స్థితులచేతను నిర్ణయింపబడుచుండును గనుక అవి గతిశీలములు. కారణమును రెట్టింపు చేసినంతమాత్రమున కార్యము రెట్టింపు కాదు గనుక అవి అరేఖీయములు. పూర్వపు ఇంజనీర్లు ఈ చిక్కును ఎరుగకపోలేదు. అయినను కాగితము, కలము, లాగరిథమ్ పట్టికలు తప్ప వేరు సాధనములు లేని ఆ కాలమున, లెక్క సాగుటకై వారు కొన్ని సరళములైన ఊహలను అంగీకరింపవలసి వచ్చెను. మద్రాసు రాజధానిలోని చెరువులకు అలుగులు కట్టుటకై 1884లో రైవ్స్ అను ఇంజనీరు ఒక సూత్రమును ఏర్పరచెను. పరీవాహక ప్రదేశపు వైశాల్యమును మూడింట రెండు వంతుల ఘాతమునకు హెచ్చించి, ఆ ప్రాంతమునకు తగిన ఒక గుణకముచే గుణించినచో, రాగల గరిష్ఠ వరద తెలియునని దాని భావము. వైశాల్యము ఎనిమిది రెట్లైనచో వరద నాలుగు రెట్లు మాత్రమే యగునని ఈ సూత్రము చెప్పును. ఎన్నియో చెరువులు ఈ ఒక్క పంక్తి బలముపై కట్టబడినవి. దానియెడల నాకు గల గౌరవము సామాన్యమైనది కాదు. కాని అందులో కాలమునకు చోటులేదు. నేల నిన్న తడిసినదా, ఎండినదా అను ప్రశ్నయే లేదు. పిమ్మట 1932లో అమెరికాలో షెర్మన్ ప్రతిపాదించిన యూనిట్ హైడ్రోగ్రాఫు పద్ధతిలో కాలమునకు స్థానము లభించెను గాని, ఇంకిపోగా మిగిలిన వాన రెట్టింపైనచో ప్రవాహమును రెట్టింపగునను రేఖీయమైన ఊహ దానికి పునాదియై నిలిచెను. మెట్టరేగడి నేల ఆ ఊహకు లొంగునది కాదు.

అరేఖీయతయొక్క స్వభావమును గ్రహించుటకు వాగునే చూడనక్కరలేదు. నంద్యాల ప్రాంతపు ప్రత్తిచేలలోని పురుగును తలచుకొన్నను చాలును. ఒక ఏటి కీటకముల సంఖ్యనుబట్టి మరుసటి ఏటి సంఖ్యను చెప్పు మిక్కిలి సరళమైన సూత్రమొకటి తీసికొని, దానినుండి ఎంతటి సంక్లిష్టమైన నడవడి పుట్టగలదో 1976లో రాబర్ట్ మే అను శాస్త్రజ్ఞుడు ప్రదర్శించెను. చేను భరింపగల గరిష్ఠ సంఖ్యలో నేడున్న భాగమును, ఇంకను మిగిలియున్న భాగముతో గుణించి, ఆ లబ్ధమును 4చే గుణించినచో వచ్చునది మరుసటి తరపు భాగమనుకొందము. 0.200తో మొదలుపెట్టి ఎనిమిదిమార్లు ఈ లెక్క వేసినచో 0.40 వచ్చును, 0.201తో మొదలుపెట్టి వేసినచో 0.13 వచ్చును. ఆరంభములో వేయింట ఒక వంతుగానున్న భేదము ఎనిమిదవ తరమునకు ఫలితమును మూడు రెట్లు మార్చివేసినది. వాతావరణమునందును ఇట్టి చాంచల్యమే కలదని ఎడ్వర్డ్ లోరెంజ్ 1963లోనే చూపియుండెను. ప్రతి అరేఖీయ వ్యవస్థయు ఇంత చంచలమైనది కాదు. వాగు తనపై కురిసిన వానను క్రమముగా మరచుచుండును, అది మనకు మేలు. అయినను, సూత్రము సరియైనదైనంతమాత్రమున దూరపు భవిష్యత్తు చేతికి చిక్కదను నియమమును ఈ విషయమున ప్రవేశించు ప్రతివారును మొదటనే గుర్తుంచుకొనవలెను.

ఇక సమీకరణమును వెదకుటలో రెండు అంతరువులు కలవు. మొదటిదానిలో సమీకరణపు ఆకృతి ముందే తెలిసియుండును. నేలను రెండు మూడు తొట్లుగా భావించి, ఒకదానినుండి మరియొకదానికి నీరు దిగు క్రమమును వ్రాసికొని, ఎంత వేగముతో దిగుననెడి స్థిరాంకములను మాత్రము వెదకుదురు. ఈ పనికి పరిణామ గణనమును వాడుట 1990 తరువాత బాగుగా వ్యాపించినది. 1991లో వాంగ్ అను జలశాస్త్రజ్ఞుడు జెనెటిక్ అల్గారిథముతో ఇట్టి నమూనాను సవరించి చూపెను. మరుసటి ఏడే అరిజోనా విశ్వవిద్యాలయమున డువాన్, సొరూషియన్, గుప్తా అనువారు ప్రకటించిన మరియొక పరిణామ పద్ధతి నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. రెండవ అంతరువు ఇంతకంటె సాహసికమైనది. అందు సమీకరణపు ఆకృతియే తెలియదు. కూడవలెనో, గుణింపవలెనో, నిన్నటి వాననే తీసికొనవలెనో, పక్షము దినముల వానను తీసికొనవలెనో కూడ యంత్రమే తేల్చుకొనవలెను. నాకు ఆసక్తికరమైనది ఈ రెండవదే.

దీనిని అర్థము చేసికొనుటకు నంద్యాలవారు దూరము పోనక్కరలేదు. 1906లో స్థాపింపబడిన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానము, నేడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాంతీయ పరిశోధన కేంద్రము, నూరేండ్లకు పైగా చేయుచున్న పనిలోనే దీని మూలసూత్రమంతయు ఇమిడియున్నది. ప్రత్తిని మెరుగుపరచగోరు శాస్త్రజ్ఞుడు ఏమి చేయును? మరునాడు విచ్చబోవు మొగ్గనుండి సాయంకాలమే కేసరములను తొలగించి, కాగితపు సంచి తొడిగి, ఉదయమున వేరొక రకపు పుప్పొడిని అద్దును. మొదటి తరపు మొక్కలన్నియు ఒకే తీరుగా నుండును. రెండవ తరమున గుణములు విడివడి, ఒక్కొక్క మొక్క ఒక్కొక్క విధముగా పుట్టును. వానిలో పింజ పొడవైనదానిని, బెట్టకు ఓర్చుదానిని, తెగులుకు లొంగనిదానిని ఏరి, వాని విత్తనమునే మరల విత్తి, మరల ఏరి, ఇట్లు ఆరేడు తరములు గడచిన పిమ్మట గాని ఆ విత్తనము దిగుబడి పరీక్షకు నిలువదు. నరసింహ అను ప్రత్తిరకము, యంత్రముతో కోయుటకు వీలుగా నిటారుగా పెరుగు ఎన్‌బిఇజి 47 అను శనగరకము ఇట్టి ఓర్పుగల కృషి ఫలితముగా ఇచ్చటనుండి రైతులకు చేరినవే. ఇందు గమనింపదగినదేమనగా, ఏ జన్యువు ఏ పని చేయునో ఆ శాస్త్రజ్ఞునికి పూర్తిగా తెలియనక్కరలేదు. ఫలమును కొలువగలిగి, మేలైనదానిని నిలుపుకొనగలిగినచో చాలును. మిగిలిన పని సంకరమును, కాలమును చేయును.

ఈ న్యాయమును యంత్రములకు వర్తింపజేయవచ్చునని 1960 దశకములో ఇంచుమించు ఒకే కాలమున వేర్వేరు చోట్ల కొందరికి తోచెను. బెర్లిను సాంకేతిక విశ్వవిద్యాలయమున ఇంగో రెషెన్‌బర్గ్ 1964లో చేసిన ప్రయోగము వీనిలో మనోహరమైనది. ఐదు కీళ్లుగల ఒక పలకను గాలి సొరంగములో నిలిపి, ఒక్కొక్క కీలును 51 స్థానములలో ఏదో ఒకదానియందు బిగింపవీలగునట్లు అమర్చినచో, ఆ పలక ధరింపగల ఆకారములు 34,50,25,251. వానిలో గాలికి అతితక్కువ అడ్డు కలిగించునది చదునైన ఆకారమని అందరికిని తెలియును, యంత్రమునకు తెలియదు. యాదృచ్ఛికముగా కీళ్లను స్వల్పముగా కదల్చుట, అడ్డు తగ్గినచో ఆ మార్పును నిలుపుకొనుట, తగ్గనిచో విడిచివేయుట, ఇంతమాత్రమే నియమము. ముప్పదినాలుగు కోట్లకు పైబడిన ఆకారములలో కొన్ని వందలు మాత్రమే పరీక్షించి ఆ పద్ధతి పలకను చదునుచేసెను. అమెరికాలో లారెన్స్ ఫోగెల్ ఆ కాలముననే ఇట్టి భావముతో పనిచేసెను. జాన్ హాలండ్ సంకరమునకు ప్రాధాన్యమిచ్చి జెనెటిక్ అల్గారిథములకు 1975లో గ్రంథరూపమైన సిద్ధాంతమును కల్పించెను. సంఖ్యలనేగాక సంపూర్ణములైన సూత్రములనే పెంచవచ్చునని 1992లో జాన్ కోజా తన గ్రంథమున విస్తరించి చూపినది మనకిప్పుడు కావలసిన జెనెటిక్ ప్రోగ్రామింగు.

దానిని వక్కిలేటికి అన్వయించి చూతము. ఆళ్లగడ్డకు ఎగువన కొండవాలులో కురిసిన వానయు, వంతెనకడ ప్రవాహమును కొన్ని సంవత్సరముల పర్యంతము కొలిచి పెట్టుకొన్నామని భావింపుడు. కంప్యూటరు ముందుగా ఒక ఐదువందల సూత్రములను గుడ్డిగా పుట్టించును. ప్రతి సూత్రమును ఒక చెట్టుగా నిలుపును. కొమ్మలు చీలుచోట కూడిక, గుణకారము, 'ఇంతకు మించినచో' అను షరతు మొదలైన క్రియలును, ఆకులచోట నేటి వాన, నిన్నటి వాన, గడచిన పదునైదు దినముల వాన, నిన్నటి ప్రవాహము అనునవియు నుండును. మొదటి తరపు సూత్రములలో అధికభాగము నిరర్థకములు. అయినను ఐదువందలలో ఏ ఒకటి రెండో, ప్రవాహమును నేటి వానకు ఏదో ఒక స్థిరాంకముతో ముడిపెట్టినవి, తక్కినవానికంటె కొంచెము తక్కువగా తప్పును. మరియొకటెందో, పదునైదు దినముల వాన ఒక హద్దు మించినదా లేదా అను షరతు అనుకోకుండ పుట్టియుండును. ఒంటరిగా అది ప్రవాహమును చెప్పలేదు. ఈ రెండింటిని సంకరపరచునప్పుడు, ఒక చెట్టులోని కొమ్మను నరికి రెండవ చెట్టునకు అంటుకట్టుదురు. వేలకొలది అంట్లు వ్యర్థములు కాగా, ఒకానొకటి మాత్రము, నేల తడిసి హద్దు దాటియున్నచో నేటి వానలో అధికభాగమును వాగులోనికి పంపి, దాటనిచో మిక్కిలి కొద్దిపాటినే పంపు సూత్రముగా రూపొందును. నేను ఆరంభమున చెప్పిన నెర్రెల కథ అదియే. నల్లరేగడి అను మాటగాని, నెర్రె అను మాటగాని యంత్రమునకు ఎవ్వరును చెప్పలేదు. కొలతలలో దాగియున్న ఆ సంగతిని ఏరివేతయే బయటికి లాగినది.

సంకరము చాలనిచోట ఉత్పరివర్తనము తోడగును. అప్పుడప్పుడు ఒక కొమ్మనో, ఒక సంఖ్యనో యాదృచ్ఛికముగా మార్చుదురు. అది లేనిచో కొన్ని తరములలోనే సమూహమంతయు ఒకే పోలికకు వచ్చి, బాగుపడుట ఆగిపోవును. యోగ్యతను తూచుటకు జలశాస్త్రజ్ఞులు తరచుగా నాష్, సట్‌క్లిఫ్ అనువారు 1970లో ఏర్పరచిన కొలతను వాడుదురు. సూత్రము సంపూర్ణముగా సరిపోయినచో దాని విలువ 1, కేవలము సగటు ప్రవాహమునే ప్రతిదినము చెప్పుటతో సమానమైనచో 0, అంతకంటెను అధ్వాన్నమైనచో సున్నకు దిగువ. ఈ పనిలో ఒక పెద్ద బెడద యేమనగా, తరములు గడచినకొలది సూత్రములు పొదలవలె అల్లుకొని పెరిగిపోవును. లాభము రవంతయు లేకున్నను పొడవు మాత్రము హెచ్చుచుండును. కావున తప్పు తక్కువగుటకేగాక సూత్రము పొట్టిగా నుండుటకును మార్కులు వేయవలెను. అట్లే కొలమానముల పొందికయు చూడవలెను. మిల్లీమీటర్ల వానకు ఘనమీటర్ల ప్రవాహమును కూడుట అంకెలలో సాధ్యమైనను ప్రకృతిలో అర్థము లేనిది. బాబొవిచ్, కైజర్ అను పరిశోధకులు ఈ పొందికను వెదకులాటలోనే ఒక నియమముగా చేర్చిరి. ఉత్త అంకెలతోనే గాక జలశాస్త్ర జ్ఞానమును కలిపి వాన ప్రవాహముల సంబంధమును పెంచుటను గూర్చి 2002లో వారు ప్రకటించిన పరిశోధన ఈ శాఖలో గణుతికెక్కినది.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాదమొకటి కలదు. ఎన్నియో పరిశోధనలలో ఇది దాగియుండుటను చూచి నాకు బాధ కలుగును. సూత్రమునకు నిన్నటి ప్రవాహమును ఇచ్చి నేటి ప్రవాహమును చెప్పుమన్నచో, 'నిన్న ఎంతయో నేడును అంతయే' అని చెప్పు సూత్రము సైతము సంవత్సరమంతయు మంచి మార్కులే తెచ్చుకొనును; ఏలయనగా అధిక దినములలో నదీప్రవాహము నిదానముగనే మారును. కాని వరద ఉబికి వచ్చు ఆ ఒక్క రోజున, ప్రజలకు హెచ్చరిక కావలసిన ఆ ఒక్క రోజున, అది సరిగా ఒక దినము వెనుకబడును. పటములో రెండు గీతలు ఒకదానిపై నొకటి పడినట్లే కనుపించును. దగ్గరగా చూచినచో ఊహించిన గీత నిజమైన గీతకు నీడవలె వెనుక నడచుచుండును. కనుక నిజమైన పరీక్ష యేమనగా, మొదటి దినపు స్థితిని మాత్రమిచ్చి, ఆపై కొలిచిన ప్రవాహమును చూపక, సూత్రము తాను చెప్పిన ఫలితముపైననే తాను ఆధారపడి ఒక వర్షర్తువంతయు నడచునట్లు విడిచిపెట్టుట. అట్లు విడిచినప్పుడు నూటికి తొంబది సూత్రములు దారితప్పును. దారితప్పనిది దొరకినదా, అది వ్యవస్థయొక్క స్వరూపమును కొంతవరకు పట్టుకొన్నదని నమ్మవచ్చును.

ఈ శాస్త్రము మన నీటిపనులకు పరాయిది కాదు. గోదావరిపై పోచంపాడువద్దనున్న శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఆయకట్టులో ఏ పైరు ఎంత విస్తీర్ణమున వేసినచో లాభము హెచ్చునో తేల్చుటకు కె. శ్రీనివాసరాజు, డి. నాగేశ్‌కుమార్ అనువారు జెనెటిక్ అల్గారిథమును ప్రయోగించి 2004లో ఫలితములను ప్రకటించిరి. 50 పరిష్కారముల సమూహమును 200 తరములు పెంచి, చిరకాలముగా వాడుకలోనున్న లీనియర్ ప్రోగ్రామింగు లెక్కకు మిక్కిలి చేరువగా వారు చేరిరి. తెలిసిన జవాబునకు చేరుటలో గొప్ప యేమున్నదని కొందరు అనవచ్చును. కొత్త తూనికను పాత తూనికతో సరిచూచుకొనుట శాస్త్రములో తప్పనిసరియైన మొదటి మెట్టు. ఆ పిమ్మట 2006లో ఎం. జంగారెడ్డి, నాగేశ్‌కుమార్ కర్ణాటకలోని భద్రా జలాశయమును తీసికొనిరి. అచ్చట సేద్యమునకు నీటి కొరత కలుగకుండుటయు, విద్యుత్తు గరిష్ఠముగా పుట్టుటయు ఒకదానికొకటి ఎదురు నిలుచు లక్ష్యములు. పైగా విద్యుత్తు నీటి పరిమాణమును, మట్టమును గుణించిన లబ్ధముపై ఆధారపడును గనుక లెక్క రేఖీయము కాదు. పరిణామ పద్ధతి ఇచ్చట ఒకే జవాబును గాక, ఒక లక్ష్యమున ఎంత వదలుకొన్నచో మరియొకదానియందు ఎంత లభించునో చూపు జవాబుల వరుసను ఇచ్చినది.

భద్రా జలాశయమును ప్రత్యేకించి ప్రస్తావించుటకు కారణము కలదు. ఆ నది తుంగతో కలిసి తుంగభద్రయై దిగివచ్చి సుంకేసులవద్ద ఆనకట్టను తాకును. అచ్చటనుండియే కర్నూలు-కడప కాలువ బయలుదేరును. మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1863లో మొదలిడి 1870 నాటికి ముగించిన ఈ కాలువ, 1882లో ప్రభుత్వపరమై, దాదాపు 300 కిలోమీటర్లు సాగుచు నంద్యాల లోయను తడుపుచున్నది. ఎగువన ఒక తలుపు ఎప్పుడు ఎత్తవలెనను నిర్ణయము దిగువన నంద్యాల వరిమడికి నీరందుటతో ముడిపడియున్నది. అయితే పై రెండు పరిశోధనలును నీటిని ఎట్లు వాడవలెనను నిర్ణయమును వెదకినవేగాని, నీరు ఎట్లు నడచునను సూత్రమును వెదకినవి కావు. నంద్యాలకు కావలసినది ఆ రెండవది. కొండవాగు ఎప్పుడు, ఎంత వేగముతో వచ్చునో తెలియనప్పుడు, తలుపులనుగూర్చిన నిర్ణయము ఎంత నిపుణముగా చేసినను దాని పునాది సడలియే యుండును.

యంత్రము కనుగొనిన సూత్రము నిజముగా ప్రకృతి సూత్రమే కాగలదా అను సందేహమునకు 2009లో కొంత సమాధానము లభించెను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున మైకేల్ ష్మిట్, హోడ్ లిప్సన్ అనువారు, ఒకదాని చివర మరియొకటి వ్రేలాడు జంటలోలకముయొక్క చంచలమైన చలనమును చిత్రించి, ఆ కొలతలను మాత్రము ఇట్టి ప్రోగ్రామునకు అందించిరి. భౌతికశాస్త్రమునుగూర్చి ముందుగా ఏమియు చెప్పకయే అది ఆ చలనమునందు మారక నిలుచు శక్తి సంబంధమును సమీకరణ రూపమున తెచ్చి చూపెను. నేటి దినములలో నాడీజాల నమూనాలు ఇంతకంటె ప్రసిద్ధములైనవి. అనేక సందర్భములలో వాని ఊహ ఇంతకంటె సరిగా నుండుటయు కలదు. అయినను వానిలోని వేల సంఖ్యలను చూచి, వాగునుగూర్చి ఏమి తెలిసినదో మనుష్యుడు చదివి చెప్పజాలడు. పరిణామ గణనము ఇచ్చు సూత్రము కాగితముపై రెండు పంక్తులలో ఇముడును. కాలువ గట్టుపై పనిచేయు ఇంజనీరు దానిని చదివి, ఈ హద్దు మా నేలకు తగినదే యనియో, ఇది అసంభవమనియో వాదింపగలడు. ప్రాణములకు, పంటలకు సంబంధించిన నిర్ణయములలో అట్లు వాదింపవీలగు సూత్రమునే నేను కోరుదును, కొంత ఖచ్చితత్వము తగ్గినను సరే.

ఇక నంద్యాలలో దీనిని చేయుటకు కావలసినదేమి? యంత్రము అరుదైనది కాదు. కళాశాలలో విద్యార్థి ముందుండు సామాన్యమైన కంప్యూటరు చాలును. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైన ఈ పట్టణమున 1995నుండియే ఇంజనీరింగు విద్య సాగుచున్నది. గణితమును, ప్రోగ్రాములను నేర్చిన యువకులకు కొదువలేదు. కష్టమైనది కొలతయే. నల్లమల వాలులో కురియు వాన ఒక మైలు దూరములోనే మారిపోవును. పట్టణములో ఒక్కచోట కొలిచిన వానతో కొండవాగును ఊహించుట వ్యర్థము. వాలు పొడవునను కొన్ని చోట్ల గంటగంటకు వ్రాయు వర్షమాపకములు, వంతెన స్తంభములపై నీటిమట్టపు గుర్తులు, ఆ మట్టమునకు ఎంత ప్రవాహమో తేల్చుటకై వరద వచ్చిన దినములలోనే వేగమాపకముతో దిగి కొలిచిన లెక్కలు, ఇవి కొన్ని సంవత్సరములు విడువక సాగవలెను. వరద ఉరకలువేయు రాత్రి కొలత తప్పిపోవుటయే సాధారణము. ఆ రాత్రి కొలతయే వేయి మామూలు దినముల కొలతలకంటె విలువైనది. పరిశోధన స్థానమువారు వెడల్పాటి చేలలో తరతరముల మొక్కలను గుర్తుచీటీలు కట్టి పెంచిన ఓర్పును ఈ కొలతలయందును చూపినవారికే సూత్రము దొరకును.

అట్లు కొలతలు సమకూడిన నాడు, పాత లెక్కలలో చిక్కినంతవరకు 2019 సెప్టెంబరు వానలను, అనగా మహానంది ఆలయ ప్రాంగణములోనికి నీరు చొచ్చి కుందూ పొంగిపొరలిన ఆ దినములను, తక్కిన లెక్కలనుండి వేరుచేసి, సూత్రములు పెరుగుచున్నంతకాలము వానికి చూపక దాచవలెను. తరములన్నియు ముగిసి, ఏరిన సూత్రము చేతికి వచ్చిన పిమ్మటనే ఆ వరదను దాని ముందు పెట్టవలెను, అదియు ఒక్కమారే. తప్పినదని ఆ సూత్రమును సవరించి మరల అదే వరదను చూపినచో, అప్పటినుండి ఆ వరద పరీక్ష కాక పాఠమైపోవును గనుక, తప్పిన సూత్రమును విడిచి, వేరొక వరదను పరీక్షకై దాచి, మొదటి తరమునుండి మరల విత్తవలసియుండును.